గిరిసోలా గేటు దగ్గర ఎంపరివాహన్, డిజిలాకర్: లారీ డ్రైవరు లైసెన్సుకు ఎంతవరకు అక్కరకొస్తాయి?

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగు పెట్టగానే గంజాం జిల్లా గిరిసోలా చెక్‌గేటు. సాలూరు మీదుగా కొరాపుట్ ఘాట్ ఎక్కితే సుంకి. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, పార్వతీపురం దాటితే రాయగడ. ఈ దారుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎక్కడ బండి ఆపినా ముందు అడిగేవి రెండే: బండి కాగితాలు, డ్రైవరు లైసెన్సు. ఒకప్పుడు ప్లాస్టిక్ సంచీలో చుట్టి సీటు కింద దాచిన ఫైలు బయటికి వచ్చేది. ఇప్పుడు జేబులోంచి ఫోను వస్తోంది. ఆ ఫోనులో ఉండే రెండు ప్రభుత్వ యాప్‌లు, ఎంపరివాహన్, డిజిలాకర్, రోడ్డు మీద తనిఖీలో డ్రైవరును ఎంతవరకు కాపాడతాయో చూద్దాం. బండి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్టు, టన్నేజీ గొడవలు వేరే కథ. ఇక్కడ మాట్లాడేది డ్రైవరు గురించే: లైసెన్సు, దాని తేదీలు, దాని తరగతి, కంటిచూపు, ఒంటి సత్తువ.

తీర్పు ముందే చెప్పేస్తే సరిపోతుంది. ‘లైసెన్సు చేతిలో లేదు’ అనే తప్పును ఈ యాప్‌లు దాదాపు తుడిచేస్తాయి. ‘లైసెన్సు చెల్లదు’ అనే తప్పును మాత్రం వీసమెత్తు కూడా తగ్గించవు. పైగా ఇన్‌స్పెక్టరుకు దాన్ని ఇంకాస్త తొందరగా చూపిస్తాయి. చాలామంది డ్రైవర్లు ఈ రెండు తప్పులనూ ఒకటే అనుకుని, యాప్ ఉంది కదా అని ధైర్యంగా బయల్దేరతారు. చలానా అక్కడే పడుతుంది.

ఫోనులో చూపిస్తే ఒప్పుకోవాలా అన్న దగ్గర అనుమానం అక్కర్లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ నిబంధన ప్రకారం లైసెన్సు, ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం), బీమా, ఫిట్‌నెస్, పర్మిట్టు అడిగినప్పుడు చూపాలి. 2018 నవంబరులో దానికి సవరణ చేసి, కాగితం రూపంలోనైనా ఎలక్ట్రానిక్ రూపంలోనైనా చూపవచ్చన్నారు. 2020 అక్టోబర్ 1 నుంచి ఇంకో మెట్టు ఎక్కారు: అధికారి తన పరికరంలో వివరాలు సరిచూసుకుని సరైనవేనని తేలితే ఇక అసలు కాగితం అడగకూడదు. కాగితాన్ని స్వాధీనం చేసుకోవాల్సిన తప్పు దొరికినా సరే, ఆ నమోదు కూడా పోర్టల్లోనే జరగాలి. ఇది కేంద్ర నిబంధన కాబట్టి గిరిసోలాలో ఒకటి, ఆంధ్రా వైపు పురుషోత్తపురం గేటులో ఒకటి అని ఉండదు.

అయితే ‘ఎలక్ట్రానిక్ రూపం’ అంటే ఫోనులో కనిపించేదల్లా కాదు. ఎక్కువ మంది కాలు జారేది ఇక్కడే.

వాట్సాప్‌లో ఓనరు పంపిన లైసెన్సు ఫోటో ఎలక్ట్రానిక్ పత్రం కాదు. గ్యాలరీలో దాచుకున్న స్కానూ కాదు. డిజిలాకర్‌లోనే రెండు అరలు ఉంటాయి. ఒకటి ప్రభుత్వ శాఖ నేరుగా జారీ చేసిన పత్రాలది, దాని పేరు ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’. రెండోది మనం ఫోటో తీసి ఎక్కించుకునేది. మొదటి అరలో ఉన్నదానికే అసలుతో సమానమైన విలువ. రెండో అరలో పెట్టిన ఫోటో డిజిలాకర్ లోపల ఉన్నా ఫోటోయే. ఎంపరివాహన్‌లోనూ ఇలాంటి తేడా ఉంది. లైసెన్సు నంబరు కొట్టి వెతికితే వచ్చే వివరాల పేజీ సమాచారం మాత్రమే. దాన్ని మన ఖాతాలో చేర్చుకుని ‘వర్చువల్ డీఎల్’గా తయారు చేసుకున్నాకే క్యూఆర్ కోడ్‌తో కూడిన పత్రమవుతుంది. గేటు దగ్గర నిలబడి నంబరు కొట్టి ‘ఇదిగో సార్ వచ్చింది’ అంటే కుదిరే అధికారులూ ఉంటారు, కుదరని వాళ్లూ ఉంటారు. పని ఇంటి దగ్గరే పూర్తి చేసుకోవాలి.

పెట్టుకోవడానికి పట్టే సమయం పది నిమిషాలు. ఎంపరివాహన్‌లో మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే చాలు. డిజిలాకర్‌కు ఆధార్ కావాలి, ఆధార్‌కు కట్టిన మొబైల్ నంబరు చేతిలో ఉండాలి. లోపలికి వెళ్లాక రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ పేరు కింద డ్రైవింగ్ లైసెన్సు ఎంచుకుని నంబరు ఇవ్వాలి. ఆధార్‌లో పేరు, లైసెన్సులో పేరు సరిపోలితే వచ్చేస్తుంది.

ఆ ‘సరిపోలితే’ దగ్గరే తెలుగువాళ్లకు తలనొప్పి. మన లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. లేదంటే లైసెన్సులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. రాయగడ, గుణుపురం, బరంపురం వైపు తెలుగు కుటుంబాల్లో ఇంకో చిక్కు: ఒడిశా కార్యాలయాల్లో పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక అక్షరం అటూఇటూ అయిపోతుంది. డిజిలాకర్ వీటిని వేరే మనుషులుగా చూసి లైసెన్సు ఇవ్వనంటుంది. ఎంపరివాహన్‌కు ఆధార్ పేరుతో పని లేదు కాబట్టి అక్కడ వస్తుంది. ఈ ఒక్క కారణానికే డ్రైవర్లకు ముందు ఎంపరివాహన్ పెట్టుకోమని చెప్పాలి. పేరు మాత్రం ఆర్టీవో దగ్గరో ఆధార్ కేంద్రంలోనో ఎప్పటికైనా సరిచేసుకోక తప్పదు. పొరపాటున ప్రమాదం జరిగితే బీమా కంపెనీ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

రెండు యాప్‌లకూ సాయం అందని లైసెన్సులు కూడా ఉన్నాయి. పుస్తకం రూపంలో, చేతిరాతతో ఇచ్చిన పాత లైసెన్సులు చాలావాటి వివరాలు లైసెన్సుల రికార్డులుండే ‘సారథి’ డేటాబేసులోకి ఎక్కలేదు. నంబరు కొడితే రికార్డు లేదంటుంది. గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు పరికరంలోనూ అదే వస్తుంది, అప్పుడు దొంగ లైసెన్సేమోనన్న అనుమానం మొదలవుతుంది. లైసెన్సు ఇచ్చిన ఆర్టీవో కార్యాలయానికి అసలు పుస్తకంతో వెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలను డేటాబేసులోకి ఎక్కించడం, చేయించుకోవాలి. ఈ పని యాప్ చేయదు, ఏజెంటు ఇంట్లో కూర్చుని చేయలేడు. పుస్తకం పోతే పాత రిజిస్టరు వెతికించడం ఇంకా కష్టం. కాబట్టి లామినేషన్ పేరుతో దాన్ని పాడు చేయకుండా దాచుకోవాలి.

ఇక అసలు విషయం, తేదీలు.

లైసెన్సు కార్డు మీద చెల్లుబాటు తేదీలు రెండుంటాయి. ఎన్‌టీ అంటే సొంత బండ్లకు, టీఆర్ అంటే ట్రాన్స్‌పోర్టు బండ్లకు. 2014లో లైసెన్సు తీసుకున్న కుర్రాడికి ఎన్‌టీ తేదీ 2034 దాకా ఉండొచ్చు. టీఆర్ తేదీ మాత్రం అప్పటి చట్టం ప్రకారం మూడేళ్లకే అయిపోయేది. 2019 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని ఐదేళ్లు చేశారు. కార్డు చూడగానే పెద్ద సంవత్సరం కళ్లకు కొడుతుంది, చిన్నది కనపడదు. ‘ఇంకా పదేళ్లుంది కదా సార్’ అంటూ వాదించే డ్రైవరు చేతిలో ఉన్నది కారుకు చెల్లే లైసెన్సు, లారీకి చెల్లనిది.

పాతకాలం నుంచి నడుపుతున్నవాళ్ల నోట ఇంకో మాట వినిపిస్తుంది: ‘అయిపోయినా నెల రోజులు చెల్లుతుంది’ అని. నిజమే, ఒకప్పుడు. గడువు తీరాక కూడా ముప్పై రోజులు లైసెన్సు అమల్లో ఉన్నట్టే లెక్కించే వాక్యం మోటారు వాహనాల చట్టం 14వ సెక్షన్‌లో ఉండేది. 2019 సవరణలో దాన్ని తీసేశారు. ఇప్పుడు టీఆర్ గడువు నిన్న అర్ధరాత్రి తీరిపోతే ఈరోజు ఉదయం లారీ నడపడం 181వ సెక్షన్ కిందికే వస్తుంది. అంటే లైసెన్సు లేకుండా నడిపినట్టే, జరిమానా 5,000 రూపాయలు. ఓనరు మీద 180వ సెక్షన్ కింద ఇంకో 5,000 దాకా. ఒక్క రోజు ఆలస్యం చిన్న తప్పులా కనిపిస్తుంది కానీ చట్టానికి ఒక్క రోజూ ఒకటే, ఏడాదీ ఒకటే. దీనికి ఎదురుగా పెట్టి చూస్తే, చెల్లే లైసెన్సు ఇంట్లో మరచిపోయి రావడం 177వ సాధారణ సెక్షన్ తప్పు. మొదటిసారి 500, తర్వాత 1,500. అక్కడికక్కడే కట్టించుకునే కాంపౌండింగ్ మొత్తాన్ని రాష్ట్రాలు విడిగా నిర్ణయిస్తాయి కాబట్టి చలానాలో అంకె కాస్త మారవచ్చు. కానీ రెండు సెక్షన్లకూ మధ్య ఉన్న పది రెట్ల తేడా గుర్తు పెట్టుకోదగినది.

ఎంపరివాహన్‌కు నిజంగా మార్కులు పడేది ఈ తేదీల దగ్గరే. కార్డు మీద అచ్చయింది పాత తేదీ. యాప్‌లోనూ, పరివాహన్ వెబ్‌సైట్లో లైసెన్సు వివరాల పేజీలోనూ కనిపించేది డేటాబేసులోని నేటి తేదీ, అధికారి చూసేదీ అదే. వెబ్‌సైట్ పేజీలో వరసగా నాలుగు ఉంటాయి: నాన్-ట్రాన్స్‌పోర్ట్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ట్రాన్స్‌పోర్ట్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా, హజార్డస్ (ప్రమాదకర సరుకు) ఎప్పటిదాకా, హిల్ (కొండదారి) ఎప్పటిదాకా. కింద ఏయే తరగతి బండికి ఏ రోజు అనుమతి వచ్చిందో పట్టిక. లోడు ఒప్పుకునే ముందు ఓనరు చూడాల్సింది ఈ పేజీ. డ్రైవరును పనిలో పెట్టుకునేటప్పుడు కార్డు జిరాక్సు తీసుకుని బీరువాలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. లైసెన్సు ఎక్కడో వేరే రాష్ట్రంలో సస్పెండ్ అయి ఉంటే కార్డు ఆ సంగతి చెప్పదు, డేటాబేసు చెబుతుంది. సస్పెన్షన్‌లో ఉండగా నడిపితే 182వ సెక్షన్, 10,000.

రెన్యువల్‌కు గడువుకు ఏడాది ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరీ ముందు పెడితే లాభం లేదు. 15వ సెక్షన్ ప్రకారం కొత్త గడువు రెన్యువల్ అయిన రోజు నుంచే మొదలవుతుంది, మిగిలిన నెలలు కలవవు. నెలా నెలన్నర ముందు పెడితే సరిపోతుంది. గడువు తీరిన ఏడాది లోపు పెట్టినా పరీక్ష లేకుండా చేస్తారు కానీ మధ్యలో ఖాళీగా మిగిలిన రోజులకు వెనకటి తేదీతో లైసెన్సు రాదు. ఆ రోజుల్లో పడిన చలానా కూడా రద్దు కాదు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పాస్ కావాల్సిందే. గేటు దగ్గర ‘రెన్యువల్‌కు పెట్టాను, ఇదిగో రసీదు’ అనేది తరచూ వినిపించే మాట. దరఖాస్తు రసీదు లైసెన్సుకు బదులు కాదు. ఏదైనా అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకుని ఇచ్చిన రసీదైతే మాత్రం 130వ సెక్షన్ ప్రకారం చూపించుకోవచ్చు. రెండు రసీదులకూ తేడా తెలియక అటు డ్రైవర్లూ ఇటు కొత్త సిబ్బందీ గంటల తరబడి వాదించుకుంటారు.

రెన్యువల్‌లో ఆగిపోయేది డాక్టరు సర్టిఫికెట్ దగ్గర. సొంత బండి నడిపే నలభై ఏళ్ల లోపు మనిషికి ఫారం 1 మీద తన మాట తాను రాసిస్తే చాలు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు వయసుతో పని లేకుండా ఫారం 1ఏ కావాలి, రిజిస్టర్డ్ డాక్టరు పరీక్షించి ఇవ్వాలి. అందులో అడిగేవి చూస్తే లారీ నడపడానికి ఏం కావాలో అర్థమవుతుంది: మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలడా, రంగులు గుర్తుపట్టలేని లోపం తీవ్రంగా ఉందా, రేచీకటి ఉందా, హారను వినపడనంత చెవుడు ఉందా. ఊరు కదలకుండా ఏజెంటు తెచ్చి ఇచ్చే ఫారాల్లో మనిషిని చూడకుండానే టిక్కులు పడుతుంటాయి. అలా వచ్చిన లైసెన్సుకు యాప్‌లో ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది, రాత్రిపూట సుంకి ఘాట్ మలుపులో ఎదురు బండి లైటు పడితే కళ్లు కనిపించవు. అద్దాలతోనే చూపు సరిపోతుందని డాక్టరు రాసి ఉంటే ఆ అద్దాలు డాష్‌బోర్డు మీద కాదు, ముక్కు మీద ఉండాలి. ఒంట్లో బాగోలేదని తెలిసీ నడిపితే 186వ సెక్షన్ ఉంది: మొదటిసారి 1,000, మళ్లీ దొరికితే 2,000. జ్వరంతో తూలుతున్న మనిషిని, రెండు రాత్రులు నిద్రలేక కళ్లు ఎర్రబడ్డ మనిషిని అధికారి చూసి పట్టుకుంటాడు. యాప్‌కు ఇది తెలిసే దారే లేదు.

బండి తరగతి విషయంలో వచ్చే వాదన ఒకటుంది. ఈ సరిహద్దు ఊళ్లలో జీడిపప్పు, కూరగాయలు, కిరాణా తిప్పేవి ఎక్కువగా టాటా ఏస్‌లు, బొలేరో పికప్‌లు. వాటి డ్రైవర్ల దగ్గర ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సు మాత్రమే ఉంటుంది, ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్సు మీద రాసే అదనపు అనుమతి, ఉండదు. పసుపు నంబరు ప్లేటు చూసి ‘టీఆర్ ఏది’ అని ఆపడం మామూలే. దీని మీద సుప్రీంకోర్టు 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్నే నిలబెట్టింది. మొత్తం బరువు, అంటే సరుకుతో కలిపి కంపెనీ నిర్ణయించిన గరిష్ఠ బరువు, 7,500 కిలోలు మించని ట్రాన్స్‌పోర్టు బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చు, వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. ఆ బరువు ఆర్‌సీలో ‘గ్రాస్ వెహికల్ వెయిట్’ గడిలో ఉంటుంది. టాటా ఏస్, పికప్ సునాయాసంగా ఆ లోపలే. ఆ బరువు దాటిన లారీ ఆ లెక్కలోకి రాదు. గేటు దగ్గర గొంతు పెంచే బదులు ఆర్‌సీలో ఆ గడి చూపించి తీర్పు తేదీ చెప్పడం మేలు. గొడవ పెట్టుకుని సమాచారం ఇవ్వనంటే 179వ సెక్షన్ కింద 2,000 రూపాయలు అదనంగా తగులుతుంది, అసలు తప్పు లేకపోయినా సరే. ఈ తీర్పు సంగతి రెండు యాప్‌ల్లోనూ ఎక్కడా కనపడదు. తరగతి గడిలో ‘ఎల్‌ఎంవీ’ అని మాత్రం రాసి ఉంటుంది. ఒక్క వాక్యం పక్కన రాసి ఉంటే ఎంతమందికి గొడవ తప్పేదో.

పాత లైసెన్సుల మీద హెచ్‌జీవీ, హెచ్‌టీవీ, హెచ్‌ఎంవీ అని, కొత్తవాటి మీద ‘ట్రాన్స్’ అని ఉండటం చూసి కంగారు పడక్కర్లేదు. 1994 సవరణలో మధ్య, భారీ తరగతులను కలిపి ట్రాన్స్‌పోర్టు వాహనం అన్న ఒక్క మాట కింద పెట్టారు. పాత పేర్లు కార్డుల మీద అలా మిగిలిపోయాయి.

క్లీనరు చేతికి స్టీరింగు ఇవ్వడం ఇంకో తప్పు, దాన్ని తప్పని అనుకునేవాళ్లే తక్కువ. గేటు దగ్గర వరసలో బండి ముందుకు జరపడానికో, దాబా ముందు వెనక్కు తీయడానికో కుర్రాడిని కూర్చోబెడతారు. అక్కడా అది పబ్లిక్ రోడ్డే. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఇరవై ఏళ్లు నిండాలి. దాని లెర్నరుకు కూడా అంతకుముందు కనీసం ఏడాది ఎల్‌ఎంవీ లైసెన్సు ఉండాలి. కుర్రాడి ఫోనులో ఎంపరివాహన్ తెరిస్తే మోటారు సైకిలు లైసెన్సు కనపడుతుంది. కుర్రాడికి 181, బండి అప్పగించినందుకు 180.

హజార్డస్, అంటే ప్రమాదకరమైన, సరుకు దగ్గర మాత్రం చిన్న తప్పు అనే మాటే లేదు. కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో, రాయగడ జిల్లా టికిరిలో బాక్సైట్‌ను అల్యూమినాగా మార్చాలంటే కాస్టిక్ సోడా కావాలి. రాయగడ పక్కనే జేకేపూర్‌లో కాగితం మిల్లు ఉంది, కాగితం మిల్లులకూ రసాయనాలు తప్పవు. పెట్రోలు ట్యాంకర్లు, గ్యాస్ సిలిండర్ల లారీలు సరేసరి. వీటి డ్రైవరుకు మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సు చాలదు. కేంద్ర నిబంధనల్లో 9వ నిబంధన ప్రకారం మూడు రోజుల శిక్షణ పొందిన సర్టిఫికెట్, దాని మీద లైసెన్సులో ఎండార్స్‌మెంట్ ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భారతీయ భాష, దాంతోపాటు ఇంగ్లీషు చదవడం రాయడం రావాలి. తెలుగైనా ఒడియా అయినా పరవాలేదు. ఈ ఎండార్స్‌మెంట్ గడువు ఒకప్పుడు ఏడాది. 2019 సవరణతో మూడేళ్లయింది, రెన్యువల్‌కు ఒకరోజు రిఫ్రెషర్ శిక్షణ కావాలి. అంటే ఇలాంటి డ్రైవరు లైసెన్సుకు మూడు తేదీలు: ఎన్‌టీ, టీఆర్, హజార్డస్. ముందుగా తీరేది మూడోది, డ్రైవరు చూసుకోనిదీ అదే. దీంతోపాటు కేబిన్‌లో సరుకు వివరాలు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన ట్రెమ్ కార్డు కాగితంగా ఉండి తీరాలి. అది ఫోనులో ఉన్నా ట్యాంకరు బోల్తా పడితే చదివేవాడికి ఫోను లాక్ తెలియదు.

యాప్‌ల పనితీరు గురించి ఇంకొన్ని మాటలు. డిజిలాకర్‌లో లారీ ఆర్‌సీ డ్రైవరు ఖాతాలోకి రాదు. ఆర్‌సీ ఓనరు పేరు మీద ఉంటుంది, ఆధార్ పేరు కలవదు. ఓనరు తన ఖాతాలోంచి క్యూఆర్ ఉన్న పీడీఎఫ్ దింపి ప్రింటు తీసి ఇవ్వాలి. దాని నంబరు కొట్టి అధికారి సరిచూసుకుంటాడు. ఘాట్‌లో సిగ్నల్ దొరుకుతుందన్న భరోసా పెట్టుకోకూడదు. సాలూరులోనో, కిందికి దిగేవాళ్లైతే కొరాపుట్‌లోనో బయల్దేరే ముందే రెండు యాప్‌లూ ఓసారి తెరిచి లైసెన్సు పేజీ కనిపించేదాకా ఆగాలి, పీడీఎఫ్ ఫోనులోకి దింపుకోవాలి. సిమ్ మార్చిన డ్రైవరుకు ఓటీపీ పాత నంబరుకు పోతుంది. గేటు దగ్గర లాగిన్ కాలేక చేతులెత్తేసేవాళ్లలో ఎక్కువ మంది కథ ఇదే. బ్యాటరీ ఐదు శాతం మీద ఉన్న ఫోను కూడా ఇంట్లో మరచిన లైసెన్సు లాంటిదే. ఏదీ చూపలేకపోతే ఆఖరి దారి 139వ నిబంధనలోనే ఉంది: అడిగిన రోజు నుంచి పదిహేను రోజుల్లోపు అటెస్ట్ చేసిన ప్రతులను ఆ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపవచ్చు. ఆ మాట అధికారికి చెప్పి, ఆయన పేరు, హోదా, ఏ స్థలంలో ఆపారో రాసుకోవాలి.

2025 నుంచి ఒడిశా టోల్‌గేట్ల దగ్గర కెమెరాలతో ఈ-డిటెక్షన్ మొదలైంది. అది నంబరు ప్లేటు చదివి బండి బీమా, పొల్యూషన్, ఫిట్‌నెస్ వంటివి చూస్తుంది. స్టీరింగు వెనక ఎవరున్నారో, ఆయన టీఆర్ తేదీ ఏమిటో దానికి కనపడదు. ‘టోల్‌గేటు దాటాను, ఏ మెసేజీ రాలేదు’ అన్నది డ్రైవరు లైసెన్సు బాగున్నట్టు రుజువు కాదు. లైసెన్సు చూసేది ఇప్పటికీ బండి ఆపిన మనిషే.

మార్కులంటారా, ఎంపరివాహన్‌కు అయిదుకు నాలుగు. తేదీలు, తరగతులు, సస్పెన్షన్ ఉన్నదున్నట్టు చూపుతుంది, పేరు కలవలేదని మొండికేయదు. గడువు తీరబోతున్న టీఆర్ తేదీని ఎర్రగా ముందుకు తెచ్చి చూపితే అయిదు ఇవ్వొచ్చు. డిజిలాకర్‌కు మూడు: దింపుకున్న పీడీఎఫ్ సిగ్నల్ లేని చోట అక్కరకొస్తుంది కానీ ఇంటిపేరున్న తెలుగువాడికి లోపలికి రావడమే గండం. అసలు కార్డుకు, దాని మీద రెండు తేదీల కింద నీలి ఇంకుతో గీత గీసి సీటు వెనక పెట్టుకుంటే, నాలుగున్నర.

చలానా పడితే సెక్షన్ నంబరు చూడాలి. 177 వేయాల్సిన చోట 181 పడితే, అంటే లైసెన్సు చెల్లుతున్నా చేతిలో లేదన్న కారణానికే, కంగారుపడి కట్టేయకూడదు. ఈ-చలానా పోర్టల్లో చలానా నంబరుతో తెరిచి, ఆ రోజుకు లైసెన్సు చెల్లుబాటులో ఉన్నట్టు చూపే వివరాల పేజీ ప్రింటు జత చేసి అభ్యంతరం పెట్టాలి. ఆ ప్రింటు మీద ట్రాన్స్‌పోర్ట్ ‘ఎప్పటినుంచి’ తేదీ తనిఖీ జరిగిన రోజు కన్నా ముందుదై ఉండాలి. తర్వాత రెన్యువల్ చేయించుకుని తెచ్చిన పేజీ అయితే ఆ తేదీయే ఎదురు సాక్ష్యం చెబుతుంది.